పదకొండు సెకన్లు

సనోబర్ అన్న మమాసోలి మేముండే అల్మాతీకి వస్తున్నాడని మాకు శుక్రవారం తెలిసింది. సినిమా ఆదివారం మధ్యాహ్నం.

సనోబర్ పొద్దున్నే, మాంసం కూరి ఆవిరి మీద ఉడికించే మాంటీలకు పిండి పిసుకుతూ ఉంటే ఫోను మోగిందట. ఆరేళ్ళుగా మోగని నంబరు. చేతికి పిండి ఉందన్న సాకుతో ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "రేపు బస్సెక్కుతున్నా. ఆదివారం కనపడతా. పారిపోకు." కింద పేరు లేకపోయినా అన్నయ్యేనని ఆమెకు తెలిసిపోయింది. వాళ్ళింట్లో 'పారిపోకు' అనే మాట చిన్నప్పటి నుంచీ ఆమె ఒక్కదానితోనే అనేవారు.

సనోబర్‌ది ఉజ్బెక్ దేశంలో చుస్త్. తరతరాలుగా కత్తులు చేసే ఇల్లు. నాది పక్క దేశంలో ఓష్, భాష మాత్రం ఒకటే. నా పేరు హఫీజా. ఇద్దరం ట్రాన్స్ మహిళలం. ఇద్దరం కూలి వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చినవాళ్ళమే. కానీ నాకూ ఆమెకూ ఒక తేడా ఉంది. మా దేశంలో కొన్నాళ్ళపాటు డాక్టరు కాగితం చూపిస్తే పాస్‌పోర్టులో పేరు, ఆడా మగా అన్న గడి మార్చి ఇచ్చేవారు. ఆ తలుపు తెరిచి ఉన్నప్పుడే నేను దూరిపోయాను. తరవాత మూసేశారు. సనోబర్ దేశంలో అసలు తలుపే లేదు. పట్టుకుని వెనక్కి పంపితే జైలు. ఆమె పాస్‌పోర్టులో ఇప్పటికీ తండ్రి పెట్టిన పేరే ఉంది. ఆ పేరు నేనిక్కడ రాయను.

సినిమా తీసింది కర్లిగాష్. ఈ ఊరిపిల్లే, కజాఖ్. ఏడాదిన్నర పాటు మా గదిలో కెమెరా పెట్టుకుని కూర్చుంది. మొదట్లో మేం ఆమెను 'గోడమీది బల్లి' అనేవాళ్ళం. తరవాత తరవాత మా దుప్పట్లోనే పడుకునేది. మేం వంట చేసుకోవడం, పోట్లాడుకోవడం, పోలీసు కనపడితే వీధి మార్చడం, ఇల్లు అద్దెకు అడిగితే మొహం మీద తలుపు వేయించుకోవడం, అన్నీ తీసింది. అప్పుడు గదిలో ముగ్గురం. మూడోది పర్వోనా, తాజిక్. సినిమా సగంలో ఉండగా చనిపోయింది. దగ్గుతో మొదలైంది. ఆసుపత్రికి పోతే పాస్‌పోర్టు అడుగుతారని, పేరు గట్టిగా పిలుస్తారని, వార్డు ఏదని నవ్వుతారని వెళ్ళనంది. మేం బతిమాలాం. బలవంతంగా మోసుకుపోయేసరికి ఆలస్యమైంది.

మొదలుపెట్టే ముందు కర్లిగాష్ మాకొక మాట ఇచ్చింది. "మీకు చూపించకుండా ఒక్క ముక్క కూడా బయటికి వదలను." నేను నా మొహం చూపించొద్దన్నాను. సనోబర్ చూపించమంది. "దాచుకుని దాచుకుని మెడ పట్టేసింది. ఒక్కచోటైనా నన్ను నన్నుగా చూపించు," అంది.

మాట తప్పింది ఎలాగంటే, ఫిబ్రవరిలో బెర్లిన్‌లో ఒక సినిమా ఉత్సవానికి పంపాలని మూడు నిమిషాల ముక్క ఒకటి కత్తిరించింది. తొందరలో మాకు చూపించలేదు. దాన్ని ఎవరో దొంగిలించి వలస కూలీల టెలిగ్రామ్ గుంపులో పడేశారు. అందులో సనోబర్ కిటికీ దగ్గర కూర్చుని, నిండు మొహంతో, "మాది చుస్త్, కత్తుల వీధి, మసీదు పక్కన మూడో గేటు. మా నాన్న చేసిన కత్తి చూపిస్తే బజారులో బేరం ఆడేవాళ్ళు కాదు," అంటుంది. పదకొండు సెకన్లు. వారంలో చుస్త్ మొత్తం చూసింది. ఆ గుంపులోనే ఇంకెవడో సినిమా వేసే హాలు, రోజు, టైము కూడా రాశాడు. "వెళ్ళి బుద్ధి చెప్పేవాళ్ళు లేరా," అని కింద ఒక వాక్యం.

శుక్రవారం సాయంత్రం కర్లిగాష్ మా గదికి వచ్చి నేల మీద కూర్చుంది.

"నా తప్పే. ఆపేద్దాం. హాలు వాళ్ళకి చెప్పేస్తా," అంది.

"ఆపితే ఏమవుతుంది?" అంది సనోబర్.

"అదేంటి, మీ అన్న..."

"మా అన్న నా కోసం వస్తున్నాడు, సినిమా కోసం కాదు. ఆదివారం ఆపితే సోమవారం నేను పనిచేసే వంటింటికి వస్తాడు. అక్కడ నేనొక్కదాన్నే ఉంటా. హాల్లో అయితే నలభై మంది ఉంటారు."

నాకు ఒళ్ళు మండింది. "ఊరు వదిలి వెళ్ళిపోవే. బిష్కెక్‌లో మా పిన్ని ఉంది, నాలుగు రోజులుండు."

"పారిపోకు అన్నాడుగా," అని నవ్వింది సనోబర్. నవ్వుతూనే లేచి, తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో రెండోసారి చూసొచ్చింది.

చివరికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. సనోబర్ వెనకవైపు, సినిమా వేసే మిషను గదిలో గడియ పెట్టుకుని ఉంటుంది. గుమ్మం దగ్గర నేనుంటాను. సినిమాలో నా మొహం లేదు, పాస్‌పోర్టు సరిగ్గా ఉంది, గొంతు కూడా నన్ను పట్టివ్వదు. అతన్ని నేనే గుర్తుపట్టాలి, నేనే పక్కన కూర్చోవాలి.

హాలు ఒక ఫర్నిచరు షాపు వెనక, మెట్లు దిగి వెళ్ళాలి. మధ్యాహ్నం రెండుకల్లా జనం రావడం మొదలైంది. అందరూ తెలిసినవాళ్ళే, తెలిసినవాళ్ళ స్నేహితులే. రెండు పది అయ్యేసరికి మెట్ల మీద ఒకతను కనపడ్డాడు. నలభై దాటిన మనిషి. నల్లకోటు, చదరపు టోపీ, దుమ్ము పట్టిన బూట్లు, భుజానికి గుడ్డ సంచి. మెట్టుమెట్టుకూ ఆగి గోడ పట్టుకుంటున్నాడు. మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. అదే ముక్కు, అవే కలిసిన కనుబొమలు. సనోబర్‌కు గడ్డం పెట్టినట్టు ఉన్నాడు.

"సలాం చెల్లెమ్మా. సినిమా ఇక్కడేనా?" అన్నాడు ఉజ్బెక్‌లో.

"ఇక్కడే అన్నా. ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"ఎవరూ పిలవలేదు. మాది చుస్త్."

"నాది ఓష్," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పరాయి ఊళ్ళో మన భాష వినపడితే నోరు దానంతటదే ఊరి పేరు చెప్పేస్తుంది. అతని మొహం కొంచెం సడలింది.

"సంచి చూపించాలన్నా. అందరివీ చూస్తున్నాం."

మాట్లాడకుండా తీసి ఇచ్చాడు. ఒక తువ్వాలు, సగం తిన్న రొట్టె, మందు బిళ్ళలు. అడుగున తోలు ఒరలో జానెడు కత్తి.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా కళ్ళలో కనపడిపోతుందని భయం.

"మా పని అదే. ఎక్కడికెళ్ళినా ఒకటి ఉంటుంది," అన్నాడు.

"లోపలికి ఇలాంటివి తీసుకెళ్ళకూడదు. వెళ్ళేటప్పుడు ఇస్తా."

అడ్డం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. ఆ కత్తి నా చేతిసంచిలో వేసుకున్నాను. ఎంత చిన్నదైనా, భుజం ఒకవైపు వంగిపోతున్నట్టే ఉంది.

అతన్ని మూడో వరసలో చివర కూర్చోబెట్టి, గుమ్మం ఇంకొకరికి అప్పజెప్పి, పక్క కుర్చీలో నేను కూర్చున్నాను. దీపాలు తీసేశారు.

సినిమా మొదట్లో జనం నవ్వారు. నేనూ సనోబర్ ఒకే జత బూట్ల కోసం కొట్టుకునే చోట హాలంతా నవ్వింది. మమాసోలి నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. తెర మీద చెల్లెలి మొహం కనపడినప్పుడల్లా చూపు కిందికి దించుకుంటున్నాడు. ఆమె గొంతు వినపడితే మాత్రం తల కొంచెం వాల్చి వింటున్నాడు.

కిటికీ దగ్గరి మాటలు వచ్చాయి. కత్తుల వీధి, మూడో గేటు. అతని చేతులు పిడికిళ్ళయ్యాయి.

"విన్నావా? మా ఇంటి గుర్తులు చెబుతోంది," అన్నాడు గుసగుసగా. చెబుతోంది అన్నాడో, చెబుతున్నాడు అన్నాడో. ఉజ్బెక్‌లో ఆ తేడా తెలియదు. మా భాషలో ఆడకూ మగకూ ఒకటే మాట. నేను విన్నట్టు రాస్తున్నాను.

"ఎవరన్నా ఆమె?" అని అడిగాను, నటిస్తూ.

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

తరవాత పర్వోనా చనిపోయిన ఘట్టం. ఆ రోజు శవానికి స్నానం చేయించడానికి ఎవరూ దొరకలేదు. మగవాళ్ళకు చేయించే ముసలాయన వచ్చి, ముసుగు తీసి చూసి, "ఇది ఆడ ఒళ్ళు, నేను ముట్టుకోలేను," అని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళకు చేయించే ఆమె కాగితం అడిగి, "ఇందులో మగ అని ఉంది, నాకు పాపం చుట్టుకుంటుంది," అంది. సాయంత్రమైపోతోంది. అప్పుడు సనోబర్ గౌను చేతులు పైకి మడుచుకుంది. "మా నానమ్మ చుస్త్‌లో ఆడవాళ్ళకు చేయించేది. నేను నీళ్ళు మోసేదాన్ని. నాకు తెలుసు," అంది. కర్లిగాష్ కెమెరాలో చేతులు మాత్రమే తీసింది. తెల్ల గుడ్డ కింద నీళ్ళు. ముందు కుడివైపు, తరవాత ఎడమవైపు. చెంబు ఎత్తి పోయకుండా, తన ఎడమ మణికట్టు మీద పోసుకుని, అక్కణ్ణుంచి ఒంటి మీదికి జారనివ్వడం.

హాల్లో ఎవరూ కదలడం లేదు. నా పక్కన మమాసోలి ముందుకు వంగాడు.

"మణికట్టు మీద పోస్తోంది," అన్నాడు. "నీళ్ళు వేడో చల్లనో చచ్చినవాళ్ళు చెప్పలేరు కదా, మనమే చూసుకోవాలి అనేది నానమ్మ. ఈ పద్ధతి ఇంకెవరికీ రాదు. నానమ్మ మా అమ్మకి కూడా నేర్పలేదు."

ఆ మాట నాతో అన్నాడో, తనలో తాను అనుకున్నాడో. అప్పుడే పైన ఇనప తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

మొదట ఒకరు, తరవాత చాలామంది. మెట్ల మీంచి అరుపులు. "బయటికి రండిరా. ఫోన్లు తీశాం, మొహాలు చూపించండి." టెలిగ్రామ్‌లో రాసినదానికి జవాబు అన్నమాట. గుమ్మం దగ్గరున్న పిల్ల లోపలి గడియ పెట్టి పరుగెత్తుకొచ్చింది. సినిమా ఆగింది. దీపాలు వేశారు. వెలుతురులో అందరి మొహాలూ ఒక్కసారిగా ముసలివైపోయాయి. కర్లిగాష్ ఫోనులో లాయరుతో మాట్లాడుతూ అందరినీ కూర్చోమని చెయ్యి ఊపుతోంది.

పది నిమిషాలకు బాదడం ఆగింది. "పోలీసులం, తలుపు తియ్యండి," అని ఒక గొంతు. రక్షించడానికి వచ్చినవాళ్ళు కాదని మాకు తెలుసు. తియ్యకపోతే ఇంకా ప్రమాదం. కర్లిగాష్ తీసింది.

ఇద్దరు వచ్చారు. ఒకడు పడుచువాడు, ఇంకొకడు యాభై దాటినవాడు, బొంగురు గొంతు. "ఫిర్యాదు వచ్చింది. బూతు సినిమా అని. అందరూ కాగితాలు తియ్యండి. ఆ వెనక గదిలో ఎవరు?"

"మిషను నడిపేవాళ్ళు," అంది కర్లిగాష్.

"మిషనుకి గడియ ఎందుకు? తియ్యమను."

గడియ తీసిన చప్పుడు వినపడింది. సనోబర్ బయటికి వచ్చింది. నీలం గౌను, తలకు గుడ్డ, చేతిలో చిన్న సంచి. ఆ సంచిలో పాస్‌పోర్టు. ఆమె కళ్ళు వరసల మీద తిరిగి మూడో వరస చివర ఆగిపోయాయి. అన్నాచెల్లెళ్ళు ఆరేళ్ళ తరవాత చూసుకోవడం పోలీసుల ముందు జరిగింది.

మమాసోలి లేచి నిలబడ్డాడు. నేను కూడా లేచాను. నా చేతిసంచి రెండు చేతులతో పొట్టకు నొక్కుకుని ఉన్నాను. అందులో కత్తి ఉంది. వెతికితే నేనూ పోతాను.

"పాస్‌పోర్టు," అన్నాడు బొంగురు గొంతువాడు సనోబర్‌తో.

ఆమె సంచి తెరవడానికి తాడు లాగింది. ముడి రాలేదు. మళ్ళీ లాగింది.

"అది మా చెల్లెలు సార్," అన్నాడు మమాసోలి, వచ్చీరాని రష్యన్‌లో.

అతను వరస దాటుకుంటూ ముందుకు నడిచాడు. కోటు లోపలి జేబులోంచి తన పాస్‌పోర్టు తీసి పోలీసు చేతిలో పెట్టాడు.

"నేను పొద్దునే బస్సు దిగాను. దానికి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికొచ్చా. దాని కాగితాలు బసలో నా పెట్టెలో ఉన్నాయి. కావాలంటే నాతో రండి, చూపిస్తా."

"చెల్లెలు కాగితాలు నీ పెట్టెలో ఎందుకు?"

"మా వైపు అంతే సార్. ఆడపిల్ల కాగితాలు ఇంటి మగాళ్ళ దగ్గరే ఉంటాయి."

పోలీసు పాస్‌పోర్టు తిప్పి చూశాడు. మమాసోలిని చూశాడు, సనోబర్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు. సనోబర్ వేళ్ళు సంచి ముడి మీదే ఉన్నాయి.

"ముక్కు ఒకటేలే," అన్నాడు చివరికి. పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేశాడు. "చెల్లెల్ని ఇలాంటి చోట్ల తిప్పుతారా? తీసుకుపో."

ఆ తరవాత వాళ్ళ కోపమంతా కర్లిగాష్ మీదికి మళ్ళింది. అనుమతి ఏది, హాలు ఎవరిది, సినిమాలో ఏముంది. ఆమె లాయరును ఫోనులో పెట్టి జవాబులు చెప్పింది. ఒక కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు ఒక చేత్తోనే పాస్‌పోర్టు చాపాను. పడుచువాడు పేరు చదివి, "ఓష్‌లో మాంసం సంసాలు బాగుంటాయట," అని ముందుకు పోయాడు. వెళ్తూ వెళ్తూ బయటి కుర్రాళ్ళను కూడా తరిమారు. అదొక్కటే వాళ్ళు మాకు చేసిన మేలు.

జనం ఇద్దరిద్దరుగా వెళ్ళిపోయారు. హాలు వెనక టీ కాచుకునే చిన్న గది ఉంది. నలుగురం అందులో మిగిలాం. మమాసోలి నిలబడే ఉన్నాడు. సనోబర్ గోడకు ఆనుకుంది. కర్లిగాష్ స్టవ్ వెలిగించబోయి, అగ్గిపుల్ల ఆరిపోతే అలాగే వదిలేసింది.

"నా కత్తి," అన్నాడు మమాసోలి నాతో.

నేను కదల్లేదు.

"ఈమె కూడా మీ జట్టేనా?" అని చెల్లెల్ని అడిగాడు.

"మా జట్టే. ఇచ్చెయ్ హఫీజా."

"ఇవ్వను. ముందు ఎందుకు తెచ్చాడో చెప్పమను."

అతను గోడవైపు చూస్తూ మాట్లాడాడు. "బాబాయిలు కూర్చోబెట్టి చెప్పారు. వెనక్కి తీసుకురా, లేకపోతే ఇక బతికి లేదని వచ్చి చెప్పు అన్నారు. లేదని ఎలా చెప్పాలో వాళ్ళు విడమరచలేదు. దారంతా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. తీస్తానో తియ్యనో నాకే తెలీదు. సరిహద్దు దగ్గర వాళ్ళు సంచి వెతికితే బాగుండు, లాక్కుంటే బాగుండు అనుకున్నా. వాళ్ళు వెతకలేదు."

నేను ఒరతో సహా కత్తి తీసి అతని చేతికిచ్చాను. సంచి అడుగున తువ్వాలు కింద పెట్టేసుకున్నాడు.

"పోలీసుల ముందు అలా ఎందుకన్నావు అన్నయ్యా?" అంది సనోబర్.

"నీ కోసం కాదు. స్టేషన్‌లో నాన్న పేరు రాయిస్తారని." సంచి తాడు బిగించాడు. "నాకింకేం అడక్కు. నాకు తెలీదు."

"అమ్మకు చూపించారా వీడియో?"

"లేదు. ఎవడో ఒకడు చూపిస్తాడు. నా పెద్దకూతురికి సంబంధం చూస్తున్నారు. మగపెళ్ళివారొచ్చి గేట్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయారు. ఒకటి, రెండు, మూడు. లోపలికి కూడా రాలేదు." మొదటిసారి గొంతు పెంచాడు. "నువ్వేమైనా అయిపో. ఇంటి గుర్తులు ఎందుకు చెప్పావ్?"

సనోబర్ గోడ వదిలి కర్లిగాష్ వైపు తిరిగింది.

"ఆ పదకొండు సెకన్లు తీసెయ్."

"మొత్తం నీ మొహమే తీసేద్దామనుకున్నా," అంది కర్లిగాష్. "బెర్లిన్ వాళ్ళకి పంపేశాను, వెనక్కి తీసుకుంటే ఈ ఏడాదికి అయిపోయినట్టే. అయినా సరే."

"మొహం ఉంచు. మొహం నాది. వీధి వాళ్ళది."

మమాసోలి సంచి భుజానికి తగిలించుకుని, "బస్సు ఆరింటికి," అన్నాడు. మెట్ల దాకా సనోబర్ వెంట వెళ్ళింది. పైమెట్టు దగ్గర అతను ఆగి, "పర్వోనా అనే ఆ పిల్లని ఎక్కడ పూడ్చారు?" అని అడిగాడు. ఊరి బయట, కొండవైపు అని చెప్పింది. అరచేతులు మొహానికి తాకించుకుని, రెండు మాటలు దువా చదివి వెళ్ళిపోయాడు. చెల్లెల్ని ముట్టుకోలేదు.

ఆ తరవాత జరిగినవన్నీ మంచివి కావు. వీడియో చూసి వంటింటి యజమాని సనోబర్‌ని పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఊరి చివర దుప్పట్లు కుట్టే చోట చేస్తోంది. పొద్దున రెండు బస్సులు మారాలి. ఆ హాలువాళ్ళు మళ్ళీ మమ్మల్ని మెట్లు దిగనివ్వలేదు. కర్లిగాష్ సినిమాను వెనక్కి తీసుకుని కత్తిరించింది. నాకూ సనోబర్‌కూ మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు వేసి చూపించింది. ఆ ఏడాది ఎక్కడా ఆడలేదు. మరుసటి ఏడు మూడు ఊళ్ళలో ఆడింది. మాకు వీసాలు రావు కాబట్టి అవి ఎలాంటి ఊళ్ళో మాకు తెలియదు.

మమాసోలి పెద్దకూతురికి పెళ్ళయిందో లేదో కూడా తెలియదు. రంజాన్ నెలలో ఒకసారి మాత్రం ఫోను వచ్చింది. ఆ నంబరే. ఈసారి సనోబర్ ఎత్తింది. నేను పక్కనే ఉన్నాను, అతని గొంతు వినపడుతూనే ఉంది.

"ఉపవాసం ఉంటున్నావా?"

"ఉంటున్నా."

"అక్కడ ఎండ ఎక్కువా?"

"అంత లేదు."

"సరే," అని పెట్టేశాడు. పాత పేరు పెట్టి పిలవలేదు. కొత్త పేరు పెట్టి కూడా పిలవలేదు. సనోబర్ ఫోను పక్కన పెట్టి, సూదిలో దారం ఎక్కించుకుని, మిగిలిన దుప్పటి అంచు కుట్టడానికి కూర్చుంది.